బొమ్మ రైలు పాయింట్ల దగ్గరే ఎందుకు ఆగుతోంది?

నల్లగొండ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 42, ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. ఏడో తరగతి చదివే కొడుకుతో కలిసి రెండేళ్లుగా మేడ మీది రేకుల గదిలో, 8 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద బొమ్మ రైలు మార్గం కడుతున్నారు. హెచ్.ఓ. సైజు, అంటే అసలు రైలులో 87వ వంతు. ఒక మెయిన్ లైను, దాని పక్కనుంచి పోయి మళ్లీ దానిలోనే కలిసే లూపులు రెండు, బండ్లు నిలిపే గూడ్స్ సైడింగు ఒకటి, మొత్తం 8 పాయింట్లు, అంటే బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే చోట్లు. ఆ పాయింట్లూ, వాటితోపాటు వాటిని తిప్పే 6 కాయిల్ మోటార్లూ హైదరాబాద్‌లో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 9,000 రూపాయలకు కొన్నారు. ఇప్పటిదాకా అన్నిటికీ కలిపి 21,000 అయింది.

ఆయన రాసిన బాధలు ఇవి. నాలుగు చక్రాల చిన్న షంటింగ్ ఇంజను పాయింటు మధ్యలోకి రాగానే ఆగిపోతుంది, వేలితో తోస్తే కదులుతుంది. రెండు పాయింట్ల దగ్గర వ్యాగన్లు పడిపోతున్నాయి, అదీ ఒక దిక్కు నుంచి వచ్చినప్పుడే ఎక్కువ. ఇంటి గోడకు పెట్టే మామూలు స్విచ్చులతో, 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్‌తో మోటార్లు నడిపితే రెండు పొగ వచ్చి కాలిపోయాయి. మిగిలిన నాలుగు జుయ్‌మని మోగి ఒక్కోసారి సగం తిరిగి ఆగుతున్నాయి. ఒక లూపుకు రెండు చివరలా పాయింట్లు తిప్పితే కంట్రోలర్ లైటే ఆరిపోతోంది. పట్టాలకు గరుకు కాగితం రుద్దారు, పాయింట్లకు కుట్టుమిషను నూనె వేశారు. ఇంకా ఎక్కువైంది.

ఇంట్లో ఆవిడ "ఇంకో రూపాయి పెట్టొద్దు, అమ్మెయ్" అంటున్నారు. పిల్లవాడు "చేత్తో తోస్తే అయిపోతది కదా" అని, పైకి రావడం తగ్గించాడు. పగిడిపల్లి–నడికూడె లైన్లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన వాళ్ల నాయిన కుర్చీ వేసుకుని చూసి "మోటరు పక్కకు పెట్టు, ముందుగాల పాయింటు చూడు" అంటారట. నెలకు 1,500 మించి పెట్టలేనంటున్నారు. దసరాకు అక్కాబావలు, పిల్లలు వస్తున్నారు. ఒక్కోటి రెండు మూడు వేలు పలికే విదేశీ స్లో మోటార్లు కొనాలా, అంతా అమ్మేయాలా, ఇంకేదైనా దారి ఉందా అన్నది ఆయన ప్రశ్న.

*

అన్నా, మీ ఉత్తరంలో జబ్బులు నాలుగున్నాయి. నాలుగింటికీ మందు ఒకటే, కొత్త మోటరు, అనుకుంటున్నారు. అందులో మోటరుకు సంబంధించింది ఒక్కటే. వ్యాగన్ పడిపోవడం పాయింటు ఆకారానికీ చక్రాల కొలతకూ సంబంధించింది. ఇంజను ఆగడం, కంట్రోలర్ లైటు ఆరడం కరెంటు దారికి సంబంధించినవి. మూడు వేల మోటరు తెచ్చి పెట్టినా, సరిగా అతుక్కోని పాయింటు మీద ఆ వ్యాగన్ మళ్లీ పడుతుంది. మీ నాన్నగారు చెప్పింది ఆయన పనిలో మొదటి పాఠం. మీ బోర్డుకూ అదే మొదలు.

ఆయన్ను ఒక మాట అడిగి చూడండి. అసలు స్టేషన్లో పాయింటును పరీక్షించేటప్పుడు, కదిలే టంగ్ రైల్‌కూ కదలని స్టాక్ రైల్‌కూ మధ్య 5 మి.మీ. మందం ముక్క పెట్టి పాయింటు తిప్పుతారు. ముక్క అడ్డం ఉండగా పాయింటు లాక్ కాకూడదు. లాకైందంటే, అంత సందు ఉన్నా మూసుకున్నట్టే చూపిస్తోందన్నమాట, చక్రం అంచు ఆ సందులోకి దూరే ప్రమాదం ఉంది. ఇప్పుడు 5ను 87తో భాగించండి. 0.057 మి.మీ. వస్తుంది. దినపత్రిక కాగితం ఒక పొర మందం ఇంచుమించు అంతే. మీ చేతిలో ఉన్న పరీక్ష ముక్క అదే.

పత్రికలోంచి అర సెంటీమీటరు వెడల్పు పట్టీ చింపండి. టంగ్ రైల్ మొన దగ్గర, స్టాక్ రైల్‌ను ఆనుకునే చోట, పట్టీని నిలువుగా దించి పాయింటు అటు మూయండి. పట్టీని మెల్లగా పైకి లాగండి. పట్టుకున్నట్టుండి చిరిగితే ఆ వైపు బాగున్నట్టు. ఏ అడ్డూ లేకుండా జారి వచ్చేస్తే సందున్నట్టు. రెండు వైపులా, 8 పాయింట్లకూ, మొత్తం 16 పరీక్షలు. పావుగంట పని. పాయింటుకొక నంబరు ఇచ్చి నోటు పుస్తకంలో రాయించండి. ఈ పని పిల్లవాడిది, పక్కన కూర్చుని చూసేది వాళ్ల తాత. మోటార్ల తీగలు అప్పటికి ఊడదీసి పెట్టండి, వేలితోనే తిప్పాలి.

జారిన పాయింట్లను బోర్డు మీంచి ఊడదీసి చూస్తే కారణం దాదాపు ఎప్పుడూ కళ్లకే కనిపిస్తుంది. టంగ్ రైల్ జారే స్లీపర్ల మీద కంకర పొడి ఒక్క గింజ ఇరుక్కుని ఉంటుంది. లేదా కంకర అతికించిన జిగురు స్ట్రెచర్ బార్, అదే రెండు టంగ్ రైళ్లనూ కలిపే అడ్డపట్టీ, కిందికి పాకి గట్టిపడి ఉంటుంది. లేదా పాయింటు నడిమధ్యలో కొట్టిన మేకు బిగువెక్కువై స్లీపరు వంగి ఉంటుంది. స్లీపరు వంగితే పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. నుంచి తగ్గిపోతుంది, వ్యాగన్ అక్కడ బిగుసుకుని పైకి లేస్తుంది. పాయింటుకు మేకు రెండు చివరల చాలు. తల స్లీపరును తాకీ తాకనట్టు ఆగాలి, లోపలికి దిగకూడదు. ఇంకో కారణం చాలామంది చూడనిది: ప్లైవుడ్‌కు మోటరు కడ్డీ కోసం వేసిన రంధ్రం చిన్నదైతే, పాయింటు పూర్తిగా మూసుకోకముందే కడ్డీ రంధ్రం అంచుకు తగిలి ఆగిపోతుంది. పైనుంచి చూస్తే మోటరుకు బలం చాలనట్టు కనిపిస్తుంది. కింద టార్చి వేసి చూడండి. రంధ్రం కనీసం 10 మి.మీ. ఉండాలి.

మీ వ్యాగన్లు ఒక దిక్కు నుంచి వస్తేనే పడుతున్నాయన్నారు. టంగ్ రైల్ మొన వైపు నుంచి ఎదురుగా వచ్చినప్పుడే అయితే సందు దగ్గర తప్పుందని తేలిపోయింది. వెనక వైపు నుంచి వచ్చే చక్రం టంగ్ రైల్‌ను తనే నెట్టుకుని పోతుంది కాబట్టి తప్పు బయటపడదు. ఎదురుగా వచ్చే చక్రానికి ఆ వీలు లేదు. కాగితం పరీక్షలో గెలిచినా మొన దగ్గరే పడుతుంటే గోరు పెట్టి మొన మీద గీయండి. గోరుకు తగిలితే చక్రానికీ తగులుతుంది. చిన్న ఆకురాళ్ల సెట్టులో బల్లపరుపు ఆకురాయితో, చక్రం తగిలే వైపు పై అంచును నాలుగైదు రాపిళ్లు, ఏటవాలుగా. పొడవు తగ్గించొద్దు. ఎక్కువ రుద్దితే మళ్లీ పెట్టలేం.

క్రాసింగ్ ముక్కు దగ్గర, అంటే రెండు పట్టాలు కలిసే వి ఆకారం దగ్గర, పడుతుంటే అనుమానం చక్రాల మీద. హెచ్.ఓ. ఇరుసు మీద రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మి.మీ. ఉండాలి. ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్‌తో కొలవొచ్చు. దూరం ఎక్కువుంటే చక్రం అంచు ముక్కుకు కొట్టుకుంటుంది. తక్కువుంటే చక్రాలు చెక్ రైల్‌కూ (ముక్కుకు ఎదురుగా, అవతలి పట్టా పక్కన చక్రాన్ని పట్టి ఉంచే పొట్టి పట్టా) వింగ్ రైల్‌కూ (ముక్కు పక్కన వంగి ఉండే పట్టా) మధ్య బిగుసుకుని గెంతుతాయి. లోహపు ఇరుసైతే చక్రాన్ని మెలితిప్పుతూ లాగితే కాస్త జరుగుతుంది, జరిపి మళ్లీ కొలవండి. అన్ని చక్రాలూ సరిగ్గా ఉండి ఒక్క పాయింటులోనే అన్నీ పడితే ఆ పాయింటు చెక్ రైల్ సందు వెడల్పైంది. పాత ఎక్స్‌రే ఫిల్ములోంచి సన్నటి పట్టీ కోసి, చెక్ రైల్ లోపలి ముఖానికి ఫెవిక్విక్ ఒక్క చుక్కతో అంటించండి. పైసా ఖర్చు లేదు.

నూనె సంగతి. కుట్టుమిషను నూనె వేసిన పాయింట్లన్నీ మళ్లీ శుభ్రం చేయక తప్పదు. మన ఎండాకాలపు దుమ్ము, రేకుల గదిలో పైనుంచి రాలేది, నూనెలో కలిసి నల్లటి ముద్దవుతుంది. అది అటు టంగ్ రైల్‌ను ఆపుతుంది, ఇటు కరెంటునూ ఆపుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అర లీటరు తెచ్చుకోండి. పాత టూత్‌బ్రష్షుతో టంగ్ రైల్ కిందా పక్కలా తోమి, నూలు గుడ్డతో తుడవండి. చేతుల శానిటైజర్ వాడొద్దు, అందులోని గ్లిసరిన్ పట్టా మీద పొరగా మిగులుతుంది. గరుకు కాగితం ఇంకెప్పుడూ వద్దు. అది చేసిన గీతల్లోనే మురికి నిలబడుతుంది. ఇప్పటికే పడ్డ గీతలను పోగొట్టలేకపోయినా, స్టీలు చెంచా వీపుతో పట్టా తలను గట్టిగా పదిసార్లు రుద్దితే కొంత సర్దుకుంటాయి. జారే స్లీపర్లకు నూనె బదులు మెత్తటి పెన్సిల్, 4బీ లేదా 6బీ, రుద్దండి. అదే పొడి కందెన. పెన్సిల్ సీసం కరెంటును పారనిస్తుంది కాబట్టి ప్లాస్టిక్‌తో విడదీసిన చోట్ల మాత్రం తగలనీయొద్దు.

ఇక ఇంజను ఆగడం. మీరు కొన్నవి రెండు రకాలు కలిసి ఉంటాయని నా అనుమానం, లూపులో లైటు ఆరిపోవడం అదే చెబుతోంది. క్రాసింగ్ ముక్కు చూడండి. ముక్కు ప్లాస్టిక్‌దైతే అది కరెంటు లేని ముక్కు. పూర్తిగా లోహమైతే కరెంటున్న ముక్కు. పుస్తకంలో ప్రతి నంబరు పక్కనా రాసుకోండి, ఎందుకంటే రెండిటికీ వైద్యం వేరు.

ప్లాస్టిక్ ముక్కు రకంలో, టంగ్ రైల్‌కు కరెంటు వచ్చేది స్టాక్ రైల్‌ను తాకడం వల్ల. మొన దగ్గర చిన్న తాకిడి మీద మొత్తం దారి ఆధారపడి ఉంది. దుమ్ము పడితే అయిపోయింది. దీన్ని శాశ్వతంగా తీసేయొచ్చు. ఈ రకంలో టంగ్ రైల్‌కూ దాని పక్కనున్న స్టాక్ రైల్‌కూ ఎప్పుడూ ఒకే కొస కరెంటు, ప్లస్ అయితే ప్లస్, మైనస్ అయితే మైనస్. కాబట్టి పాయింటు తిరగేసి, టంగ్ రైల్ కీలు వెనకాల కదలని పట్టాకూ, పక్క స్టాక్ రైల్‌కూ మధ్య సన్న తీగ ఒకటి సోల్డరింగ్ చేయండి. రెండు వైపులా రెండు తీగలు. లాన్ కేబుల్ లోపలి తీగ సరిపోతుంది. 25 వాట్ల ఐరన్, ముందు ఆ చోట ఆకురాయితో మెరుపు వచ్చేదాకా రుద్ది ఫ్లక్స్ రాయండి, సీసం పట్టగానే తీసేయండి. మూడు సెకన్లు దాటితే స్లీపర్లు కరుగుతాయి. రెండు పక్కలా తడి దూది ముద్దలు పెడితే వేడి అక్కడే ఆగుతుంది.

దీనివల్ల ఒకటి పోతుంది, తెలిసే చేయండి. ఇప్పటిదాకా పాయింటు ఎటు తిప్పితే అటే కరెంటు పోయేది. సైడింగులో నిలబెట్టిన ఇంజను కదలకుండా ఉండేది. తీగలు వేశాక అన్ని దార్లూ ఎప్పుడూ కరెంటుతోనే ఉంటాయి. సైడింగులో ఇంజను నిలపాలంటే ఆ పట్టాకు విడిగా ఒక చిన్న స్విచ్చు పెట్టుకోవాలి. ముక్కు దాటాక రెండు పట్టాలు దగ్గరగా వచ్చే చోట వెడల్పు చక్రం రెండింటినీ ఒకేసారి తాకి చిటుక్కున షార్టు అయ్యే వీలూ ఉంది. అక్కడ 5 మి.మీ. మేర గోళ్ల రంగు ఒక పూత వేస్తే పోతుంది. అరిగినప్పుడు మళ్లీ వేయాలి.

తీగలన్నీ వేశాక కూడా నాలుగు చక్రాల ఇంజను ఆగుతుంటే ఇంజన్నే తిరగేయండి. చక్రాల వెనక ముఖాలను తాకే పికప్ రేకులు నాలుగూ తాకుతున్నాయా? ప్లాస్టిక్ ముక్కు మీద ఒక చక్రం ఉన్నప్పుడు ఆ వైపు కరెంటు తెచ్చే భారమంతా రెండో చక్రం మీదే. అది మురికిగా ఉంటే ఇంజనుకు దారి లేదు. చక్రాలు శుభ్రం చేసే తేలిక పద్ధతి: ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ పట్టా మీద పరిచి, ఇంజను ముందు చక్రాలు గుడ్డ మీద, వెనక చక్రాలు పట్టా మీద ఉంచి పట్టుకుని కరెంటివ్వండి. గుడ్డ మీద రెండు నల్ల చారలు పడతాయి. తర్వాత వెనక్కి తిప్పి రెండోవి.

లోహపు ముక్కు రకానికి ఇంజను ఆగే బాధ లేదు, అందుకే అవి మేలైనవి. కానీ ఆ ముక్కు పాయింటు తిరిగినప్పుడల్లా కరెంటు కొస మార్చుకుంటుంది. ముక్కు నుంచి బయటికి పోయే రెండు లోపలి పట్టాలకూ ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు (పట్టా ముక్కలను కలిపే అతుకులు) లేకపోతే, లూపు అవతలి చివరి పాయింటు వేరే కొస కరెంటును వెనక నుంచి పంపుతుంది, రెండూ కలిసి షార్టు. మీ లూపులో లైటు ఆరేది ఇందుకే అయ్యుండాలి. మల్టీమీటరు లేకున్నా తేల్చుకోవచ్చు: ఆ లూపు నడుమా, దాని పక్కనున్న మెయిన్ లైను నడుమా ఒక్కో ఫిష్‌ప్లేటు జోడీ ఊడదీసి పాయింట్లు అలాగే తిప్పండి. లైటు వెలిగితే కారణం అదే. ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు దొరక్కపోతే సన్న రంపంతో పట్టా కోసి, సందులో ప్లాస్టిక్ ముక్క పెట్టి ఫెవిక్విక్ వేసి, ఆరాక ఆకురాయితో పట్టా ఆకారానికి దించండి. కోసిన తర్వాత అవతలి పట్టాకు కరెంటు తీగ విడిగా ఇవ్వాలి, మరవొద్దు. మామూలుగా కూడా ప్రతి మీటరుకొక తీగ కింది నుంచి ఇవ్వండి, ఫిష్‌ప్లేట్ల తాకిడిని నమ్ముకోవద్దు. లోహపు ముక్కుకు మాత్రం పాయింటుతోపాటే తిరిగే ఒక స్విచ్చు నుంచి కరెంటివ్వాలి. ఆ స్విచ్చు సంగతి ఇప్పుడు మోటార్లలో వస్తుంది.

మోటార్లు కాలింది అవి పాతవై కాదు. కాయిల్ మోటరుకు కరెంటు రెప్పపాటు చాలు. దాని కాయిల్ నిరోధం నాలుగైదు ఓములే. మీ అడాప్టర్ ఇవ్వగలిగిన 2 ఆంపియర్లూ అందులో పారితే దాదాపు 18 వాట్లు, బొటనవేలంత కాయిల్లో. చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి అది. గోడ స్విచ్చు వేసి చేయి తీసినా కరెంటు పారుతూనే ఉంటుంది, పొగ రాక ఏమవుతుంది? ఇక సగం తిరిగి ఆగడం ఎందుకంటే, ఆ 2 ఆంపియర్లు కాయిల్ అడిగేదానికంటే తక్కువ. అడాప్టర్ వోల్టేజి పడిపోతుంది, దెబ్బలో పస ఉండదు.

ఇక్కడి నుంచి మీకు మూడు దార్లున్నాయి. మూడూ పనిచేసేవే.

మొదటిది, చవకైనది, చేత్తో లాగే కడ్డీ. ఆరు కాళ్ల స్లైడ్ స్విచ్చు తీసుకోండి, నాబ్ పొడవు 5 మి.మీ.కు తగ్గనిది. ధర పది ఇరవై రూపాయలు. దాన్ని ప్లైవుడ్ కింద, స్ట్రెచర్ బార్‌కు సరిగ్గా దిగువన, బార్ కదిలే దిక్కులోనే నాబ్ కదిలేట్టు చిన్న చెక్కముక్కకు బిగించండి. నాబ్‌కు రెండు రంధ్రాలు. ఒకదాంట్లో 0.8 మి.మీ. గట్టి స్టీలు తీగ నిలువుగా నిలిచి పైకి స్ట్రెచర్ బార్ రంధ్రంలోకి పోతుంది. రెండోదాంట్లో సైకిల్ స్పోకు. స్పోకు తల దగ్గర వంపు ఎలాగూ ఉంటుంది, అదే కొక్కెంలా తగులుకుంటుంది. రెండో చివర బోర్డు అంచు బయటికి వస్తుంది, దాని నిపుల్‌కు పెన్ను మూత అంటిస్తే పట్టుకునే పిడి. స్పోకు ఊగకుండా, గోడకు వైరు బిగించే చిన్న కేబుల్ క్లిప్పులు రెండు మూడు వదులుగా కొట్టండి. అంచుకు దూరమైన పాయింట్లకు ఒక స్పోకు చాలదు. రెండు స్పోకులను 3 సెం.మీ. మేర పక్కపక్కన పెట్టి, రాగి తీగ చుట్టి సోల్డరింగ్ చేయండి.

స్విచ్చు నాబ్ కదిలే దూరం పాయింటు కదిలే దూరం కంటే ఒకటి రెండు మి.మీ. ఎక్కువుంటుంది. ఆ మిగులు స్ట్రెచర్ బార్ మీద పడితే బార్ చెవులు తెగుతాయి. అందుకే నిలువు తీగలో ఒకచోట గుర్రపు నాడా ఆకారంలో చిన్న వంపు తిప్పండి, అది స్ప్రింగులా మిగులును మింగేస్తుంది, టంగ్ రైల్‌ను గట్టిగా అదిమి పెడుతుంది కూడా. తీగ పియానో వైరు అయితే మంచిది, ఏరోమోడలింగ్ సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. పేపర్ క్లిప్పు వద్దు, వంగితే వంగినట్టే ఉండిపోతుంది. ఈ దారిలో అసలు లాభం, ఆ స్విచ్చు మూడు కాళ్లే లోహపు ముక్కుకు కరెంటు కొస మారుస్తాయి, మిగిలిన మూడు కాళ్లు సిగ్నల్ ఎల్‌ఈడీలకు పనికొస్తాయి. నష్టమేంటంటే బోర్డు చుట్టూ తిరుగుతూ లాగాలి, మీటలన్నీ ఒకచోట ఉండవు. పాయింటుకు 40, 50 రూపాయలు దాటదు. మీ అబ్బాయి "చేత్తో తోస్తే అయిపోతది కదా" అన్నది ఈ దారే. మీ నాన్నగారి చేతికీ ఇది కొత్త కాదు.

రెండోది, ఉన్న నాలుగు కాయిల్ మోటార్లనే సరిగా నడపడం. దీనికి కెపాసిటర్ డబ్బా కావాలి, ఇంట్లోనే కట్టొచ్చు. మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యమా అని ఆర్వో యంత్రాలు చాలా ఇళ్లలో ఉన్నాయి. పాతది మూలపడితే దాని 24 వోల్టుల డీసీ అడాప్టర్ దొరుకుతుంది, మీద ముద్రించిన వోల్టులు చూసి తీసుకోండి. అడాప్టర్ ప్లస్ నుంచి 220 ఓములు, 5 వాట్ల రెసిస్టరు. దాని అవతలి కొస 4700 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటర్ ప్లస్‌కు. కెపాసిటర్ మైనస్ అడాప్టర్ మైనస్‌కు. 1ఎన్4007 డయోడు ఒకటి కెపాసిటర్‌కు అడ్డంగా, గీత ఉన్న వైపు ప్లస్‌కు. కెపాసిటర్ ప్లస్ నుంచి కాలింగ్ బెల్ పుష్ బటన్ల మీదుగా కాయిళ్లకు, కాయిళ్ల రెండో కొసలన్నీ మైనస్‌కు. మోటరుకు రెండు కాయిళ్లు, రెండు బటన్లు. నొక్కగానే నిండిన కెపాసిటర్ ఒక్క దెబ్బలో ఖాళీ అయి పాయింటును బలంగా తిప్పుతుంది. బటన్ ఇరుక్కుపోయినా రెసిస్టరు దాటి వచ్చేది 0.1 ఆంపియరే కాబట్టి కాయిల్ కాలదు. రెండు నొక్కుల మధ్య మూడు సెకన్లు ఆగాలి. కెపాసిటర్ కాళ్లు తిరగేసి పెడితే పేలుతుంది, అది పెద్దవాళ్లే కట్టాలి, కరెంటు పెట్టేముందు రెండుసార్లు చూసుకోవాలి. మొత్తం 200 రూపాయల లోపు. పాయింటులోని చిన్న స్ప్రింగు ఈ దారిలో తప్పక ఉండాలి, దెబ్బ తర్వాత టంగ్ రైల్‌ను పట్టి ఉంచేది అదే. టక్కుమనే చప్పుడూ, దెబ్బకు దెబ్బకు బార్ అరగడమూ ఇందులోని లోపాలు.

మూడోది సర్వో మోటరు, చెప్పినన్ని డిగ్రీలు తిరిగి అక్కడే ఆగే చిన్న మోటరు. ఎస్‌జీ90 అనే 9 గ్రాముల సర్వో 100 నుంచి 150 రూపాయలకు దొరుకుతుంది. పాయింటు మెల్లగా, అసలు దానిలా జరుగుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. పిల్లవాడికి ఆర్డుయినో, అంటే ప్రోగ్రాము రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు, నేర్చుకునే ఆసక్తి ఉంటే ఇది వాడిదే అవుతుంది. 8 సర్వోలు, ఆర్డుయినో నానో ఒకటి, మైక్రోస్విచ్చులు, తీగలు కలిపి 1,700 నుంచి 1,900 దాకా పడుతుంది. చెడేది ఎక్కడో ముందే చెబుతాను. సర్వో కరెంటును ఆర్డుయినో 5 వోల్టుల కాలు నుంచి తీయొద్దు. బిగుసుకున్న సర్వో ఒక్కటే అర ఆంపియర్ పైన లాగుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. 5 వోల్టుల 2 ఆంపియర్ల మొబైల్ ఛార్జరు విడిగా ఇవ్వండి, రెండింటి మైనస్ తీగలు కలపండి, సర్వోల దగ్గర 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ పెట్టండి. పాయింటులోని స్ప్రింగు తీసేయండి, లేకపోతే సర్వో దానితో పోట్లాడుతూ జుయ్‌మంటూనే ఉంటుంది. 90 డిగ్రీల దగ్గర పాయింటు సరిగ్గా మధ్యలో ఉండేట్టు బిగించి, అక్కడి నుంచి రెండేసి డిగ్రీలు జరుపుతూ కాగితం పట్టీ పట్టుకునేదాకా పోండి, ఇంకో డిగ్రీ చాలు. 15 మి.మీ. చేయికి అటూ ఇటూ ఆరేడు డిగ్రీలకు మించి అవసరం రాదు. తిరగడం అయ్యాక ప్రోగ్రాములో అర సెకను ఆగి సర్వోను డిటాచ్ చేయించండి, అంటే దానికి సిగ్నల్ ఆపించండి, వణుకు, మోత రెండూ పోతాయి. స్విచ్ వేయగానే సర్వోలు ఒక్కసారి ఉలిక్కిపడతాయి. అందుకని ముందు ఆర్డుయినోకు, రెండు సెకన్ల తర్వాత సర్వోలకు కరెంటు వచ్చేట్టు విడి స్విచ్చు పెట్టండి.

మూడింటినీ కలపొచ్చు కూడా. చేతికందే ఐదు పాయింట్లకు స్పోకులు, అవతలి గోడ వైపు మూడింటికి మీ దగ్గరున్న కాయిల్ మోటార్లు పెడితే, ఇప్పుడు మొత్తం ఖర్చు 500 దాటదు. మీ పరిస్థితికి నేను మొగ్గేది దీనికే. సర్వోలు వచ్చే ఏడాది ఒక్కోటిగా వేసుకోవచ్చు, స్పోకుల కోసం వేసిన రంధ్రాలే పనికొస్తాయి. మూడు వేల మోటార్లు మంచివే, నమ్మకంగా ఏళ్లు పనిచేస్తాయి. కానీ 8 అంటే మీ 21,000 మళ్లీ ఇంకోసారి.

మీ ఇంట్లో ఆవిడ మాట. ఆమె ఉత్తరం రాసుంటే ఏం రాసేవారో నాకు తెలియదు. మీరు రాసిందాన్ని బట్టి చూస్తే రెండేళ్లుగా ప్రతి నెలా కొంత పోతోంది, బండి మాత్రం పడిపోతూనే ఉంది. ఆమె చూస్తున్నది అదే. ఆమెకు రెండు అంకెలు చెప్పండి. శుభ్రం చేయడానికి, ఆకురాళ్లకు, మల్టీమీటరుకు 700. ఆ తర్వాత 8 పాయింట్లూ వేలితో తిప్పితే, వ్యాగన్‌ను చేత్తో తోస్తూ ఒక్కోటి 20 సార్లు రెండు దిక్కులా పడకుండా దాటేదాకా ఇంకేమీ కొనరని. అప్పుడే రెండో అంకె, ఆ 500. ఎంత చేసినా ఒకటి రెండు పాయింట్లు దారికి రాకపోతే వాటిని తీసి మామూలు పట్టా వేయండి, సైడింగు ఒకటి తగ్గితే ఆట ఆగదు.

అమ్మడం కూడా ఒక దారే, తప్పేం లేదు. ఇవ్వాళ అమ్మితే కాలిన మోటార్లు, నూనె పట్టిన పాయింట్లు అని బేరం తెగ్గొడతారు. ఆ 700 పెట్టి బాగు చేశాక అమ్మినా ఎక్కువే వస్తుంది. అందుకని అమ్మాలా వద్దా అన్నది నెల తర్వాత తేల్చుకోండి. చిన్న సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. నల్లగొండ బస్సు దిగే ఎంజీబీఎస్ నుంచి దగ్గరే. చీటీ రాసుకుని ఒక్కసారే పోయి రండి.

రేకుల గది గురించి ఒక్కటి. ఎండాకాలానికీ చలికాలానికీ ఆ గదిలో 25 డిగ్రీలు తేడా వస్తే, 8 అడుగుల పట్టా ఒక మి.మీ. దాకా సాగుతుంది. జాగా లేకపోతే పాయింటునే నెడుతుంది, మేలో పడే వ్యాగన్ జనవరిలో పడదు. ఫిష్‌ప్లేట్ల దగ్గర అర మి.మీ. సందు, ప్రతి మీటరుకొకటి, వదలండి. పాయింటును మాత్రం జిగురుతో అతికించొద్దు.

దసరాకు ఎనిమిదీ కాకపోతే మెయిన్ లైనుకూ మొదటి లూపుకూ రెండు చివరల ఉన్న రెండు పాయింట్లు పూర్తి చేయండి. ఒక బండి లూపులో ఆగి ఇంకో బండిని పోనిచ్చే క్రాసింగ్ చూపించడానికి అవి చాలు, పిల్లలు గంటలు కూర్చుంటారు. మిగిలిన ఆరింటినీ మెయిన్ లైనుకు మూసి, కాగితం పరీక్ష చేసి, స్ట్రెచర్ బార్ పక్కన గుండుసూది ఒకటి గుచ్చి కదలకుండా చేయండి. పనిచేయని పాయింటు మీదుగా బండిని పంపాల్సి వస్తే అసలు స్టేషన్లో క్లాంపు బిగించి తాళం వేస్తారు. ఆ తాళం ఎటు వైపు, ఎలా వేయాలో మీ అబ్బాయికి వాళ్ల తాత చూపిస్తారు.